కణితి పిలుపు, పొరుగు కణాల జవాబు: క్యాన్సర్ వ్యాప్తికి దారి ఎలా తెరుచుకుంటుంది?

బయాప్సీ నివేదిక చేతికి రాగానే రోగి బంధువులు వెదికేది ఒకే ఒక్క విషయం: క్యాన్సర్ ఉందా, లేదా? వైద్యులు మాత్రం అదే కాగితంలో మరో రెండు మాటల్లో ఏది ఉందోనని చూస్తారు. మొదటిది ‘ఇన్ సిటూ’. క్యాన్సర్ కణాలు పుట్టినచోటే ఉన్నాయని దాని అర్థం. రెండోది ‘ఇన్వేసివ్’. అవి హద్దు దాటి పక్క కణజాలంలోకి చొరబడ్డాయని దాని అర్థం. చికిత్స ఎంత తీవ్రంగా ఉండాలి, రోగి కోలుకునే అవకాశం ఎంత అన్నవి చాలావరకు ఈ రెండు మాటల మధ్య తేడాపైనే ఆధారపడి ఉంటాయి.

ఆ తేడాను నిర్ణయించేది ఆధార త్వచం అనే ఒక పలుచని పొర. దాని మందం సుమారుగా మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఆ పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం క్యాన్సర్ కణాలకు రక్తనాళాలు, శోషరస నాళాలు అందవు. పొర తెగితే కాలేయానికో, ఊపిరితిత్తులకో, ఎముకలకో ప్రయాణం మొదలవుతుంది. క్యాన్సర్ మరణాల్లో అధిక భాగం తొలి కణితి వల్ల కాక, ఇలా దూరపు అవయవాలకు పాకడం వల్లనే సంభవిస్తున్నాయి.

మరి ఆ పొరను తెంచుతున్నదెవరు? క్యాన్సర్ కణాలే అని చాలాకాలం భావించారు. పొరను కరిగించే ఎంజైములను అవే తయారు చేసుకుంటాయని అనుకున్నారు. గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ చిత్రాన్ని మార్చింది. అనేక కణితుల్లో ఆ ఎంజైములలో పెద్ద భాగాన్ని ఉత్పత్తి చేసేది ఆరోగ్యకరమైన పొరుగు కణాలేనని, క్యాన్సర్ కణాలు వాటిని పురిగొల్పుతున్నాయని తేలింది. ఆ పొరుగు కణాల పేరు ఫైబ్రోబ్లాస్టులు. శరీరంలో కంచెలు కట్టవలసిన కణాలు అవే. కంచే చేను మేస్తే అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కణితిలో ఎవరెవరు ఉంటారు?

కణితి అనగానే అదుపు తప్పి పెరిగిన క్యాన్సర్ కణాల ముద్ద అన్న భావన కలుగుతుంది. సూక్ష్మదర్శిని కింద కనిపించే దృశ్యం వేరు. క్యాన్సర్ కణాల గుంపుల చుట్టూ పీచులాంటి కణజాలం, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, వాటి మధ్య కదురు ఆకారంలో సాగిన ఫైబ్రోబ్లాస్టులు ఉంటాయి. ఈ పరిసర కణజాలాన్నంతా కలిపి స్ట్రోమా అంటారు. క్లోమగ్రంథి క్యాన్సర్‌లో కణితి పరిమాణంలో క్యాన్సర్ కణాల కంటే స్ట్రోమా వాటాయే తరచూ ఎక్కువగా ఉంటుంది. రొమ్ములో చేతికి తగిలే కణితి గట్టిగా ఉండటానికి కూడా చాలావరకు ఈ పీచు కణజాలమే కారణం.

ఫైబ్రోబ్లాస్టుల నిత్యకృత్యం నిర్మాణం. కణాల మధ్య ఖాళీని నింపే అల్లికను అవే నేస్తాయి. ఆ అల్లికలో ప్రధానమైన దారం కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులను కలిపి పేనిన తాడులా ఉండే కొలాజెన్ చర్మానికి, ఎముకకు, రక్తనాళాలకు బలాన్నిస్తుంది. మామూలు ఎంజైములు దానిని తెంచలేవు.

అయితే నిర్మాణం చేసే చేతులకే కూల్చే పని కూడా తెలిసి ఉండాలి. గాయం మానేటప్పుడు పాత, చెడిన అల్లికను తొలగించి కొత్తదాన్ని వేయాలి. ఎముక పెరిగేటప్పుడు దాని ఆకృతిని సవరించాలి. కాన్పు తర్వాత గర్భాశయం తిరిగి పాత పరిమాణానికి కుంచించుకోవాలి. ఈ పనులన్నింటికీ కొలాజెన్‌ను కత్తిరించే సాధనాలు కావాలి. శరీరంలో ఆ సాధనాలు ఎప్పుడూ ఉన్నాయి. క్యాన్సర్ వాటిని కొత్తగా కనిపెట్టలేదు, ఉన్నవాటిని వాడుకుంటున్నది.

తోకకప్ప చూపిన ఎంజైము

ఆ సాధనాల ఉనికి మొదట బయటపడింది క్యాన్సర్ పరిశోధనలో కాదు. తోకకప్ప పెద్ద కప్పగా మారేటప్పుడు దాని తోక క్రమంగా మాయమవుతుంది. తోకలోని కొలాజెన్ ఎక్కడికి పోతున్నది? 1962లో బోస్టన్‌లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తోక కణజాలపు ముక్కలను కొలాజెన్ జెల్ మీద ఉంచి చూశారు. ముక్కల చుట్టూ జెల్ కరిగిపోయింది. కణజాలం విడుదల చేసిన ఒక ఎంజైము ఆ పని చేసింది. దానికి కొలాజినేజ్ అని పేరు వచ్చింది. ఆ ఎంజైము మూడు పోగుల తాడును ఒక నిర్దిష్ట స్థానంలో కత్తిరించి, మూడు వంతులు ఒక ముక్కగా, ఒక వంతు మరో ముక్కగా విడగొడుతుందని తర్వాత వెల్లడైంది.

ఆ కొలాజినేజ్ ఒక పెద్ద కుటుంబంలో తొలి సభ్యురాలు. నేడు ఆ కుటుంబాన్ని మాట్రిక్స్ మెటల్లోప్రొటీనేజులు అంటారు. సంక్షిప్తంగా ఎంఎంపీలు. మనుషుల్లో ఇవి ఇరవైకి పైగా ఉన్నాయి. ప్రతి ఎంఎంపీ మధ్యలో ఒక జింక్ అయాన్ ఉంటుంది. ఎంజైముకు కత్తి పదును అదే. ఎంఎంపీ-1 వంటివి కొలాజెన్ తాళ్లను తెంచుతాయి. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనేవి ఆధార త్వచంలోని నాలుగో రకం కొలాజెన్‌ను ఛేదించగలవు.

ఇంత పదునైన సాధనాలను శరీరం విచ్చలవిడిగా వదిలిపెట్టదు. వాటిపై మూడు అంచెల కాపలా ఉంటుంది. మొదటిది, అవసరం లేనప్పుడు ఆ జన్యువులు చాలావరకు మౌనంగా ఉంటాయి. రెండోది, ఎంజైము తయారైనా మొదట నిద్రాణ స్థితిలోనే ఉంటుంది. దాని ముందు భాగంలోని ఒక తునక జింక్‌ను కప్పి ఉంచుతుంది. ఒరలో ఉన్న కత్తి మాదిరిగా, ఆ తునక తొలగితేనే ఎంజైము పనిచేస్తుంది. మూడోది, టింప్‌లు అనే నాలుగు నిరోధక ప్రొటీన్లు. అవి క్రియాశీలమైన ఎంజైమును పట్టి ఆపివేస్తాయి. కణజాలం ఆరోగ్యం ఈ ఎంజైములకూ, వాటి నిరోధకాలకూ మధ్య తూకంపై ఆధారపడి ఉంటుంది.

కలిపి పెంచితే తెలిసిన రహస్యం

1980లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన లాన్స్ లియోటా బృందం ఒక ముఖ్యమైన పరిశీలనను ప్రచురించింది. ఎలుకల కణితి కణాల్లో దూరానికి పాకే సామర్థ్యం ఎక్కువగా ఉన్నవి, ఆధార త్వచపు కొలాజెన్‌ను కూడా ఎక్కువగా ఛేదిస్తున్నాయని అది తెలిపింది. చొరబాటుకూ ఎంజైములకూ సంబంధం ఉందన్న ఆలోచనకు ఇది గట్టి పునాది వేసింది. సహజంగానే చూపంతా క్యాన్సర్ కణం మీద నిలిచింది.

రెండేళ్ల తర్వాత బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త చిత్రా బిశ్వాస్ ప్రశ్నను మరోవైపు నుంచి అడిగారు. కణితి కణాలను, ఫైబ్రోబ్లాస్టులను ఒకే పాత్రలో కలిపి పెంచితే ఏమవుతుంది? 1982లో ఆమె ప్రచురించిన ఫలితం సూటిగా ఉంది. విడివిడిగా పెంచినప్పుడు కొలాజినేజ్ ఉత్పత్తి స్వల్పం. కలిపి పెంచినప్పుడు అది బాగా పెరిగింది. పెరిగిన ఎంజైము ఫైబ్రోబ్లాస్టుల నుంచి వస్తున్నది. పురమాయింపు మాత్రం కణితి కణాలది. 1984లో మానవ కణితి కణాలు, మానవ ఫైబ్రోబ్లాస్టులతోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది.

ఆ పురమాయింపు ఏ రూపంలో అందుతున్నది? బిశ్వాస్, ఆమె సహచరులు ఆ సందేశ వాహకం కోసం ఏళ్ల తరబడి అన్వేషించారు. మానవ ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల నుంచి వారు ఒక ప్రొటీన్‌ను వేరుచేశారు. దానిని గుర్తుపట్టే యాంటీబాడీని తయారు చేసి 1989లో ఆ వివరాలు వెల్లడించారు. దాని అణుభారం సుమారు 58,000 డాల్టన్లు. అది కణితి కణం ఉపరితలంపై ఉంటుంది. అంటే పక్కనున్న ఫైబ్రోబ్లాస్టును తాకి పనికి పురిగొల్పగలదు.

1995లో ఆ ప్రొటీన్ జన్యు నిర్మాణం ప్రచురితమైంది. దానికి ‘ఎమ్‌ప్రిన్’ అని కొత్త పేరు పెట్టారు. ఎంఎంపీలను పురిగొల్పేది అని ఆ సంక్షిప్త నామానికి భావం. అంతకుముందే జపాన్ శాస్త్రవేత్తలు ‘బేసిజిన్’ పేరుతోనూ, రోగనిరోధక శాస్త్రవేత్తలు ‘సీడీ147’ పేరుతోనూ వర్ణించిన ప్రొటీన్ ఇదేనని స్పష్టమైంది. ఇది క్యాన్సర్ కణాలకే ప్రత్యేకమైనది కాదు. అనేక మామూలు కణాలపైనా ఉంటుంది. మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం ఎర్ర రక్తకణంలోకి ప్రవేశించడానికి ఇదే ప్రొటీన్ తప్పనిసరి ద్వారమని 2011లో తేలింది. పలు కణితుల్లో మాత్రం దీని మోతాదు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

రోగుల కణజాలంలో సాక్ష్యం

ప్రయోగశాల పాత్రలో జరిగినదంతా మనిషి శరీరంలోనూ జరగాలని లేదు. ఆ సందేహానికి 1990లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి సమాధానం వచ్చింది. పియర్ షాంబన్ ప్రయోగశాలలో పాల్ బాసే, సహచరులు రొమ్ము క్యాన్సర్ రోగుల కణితులను పరిశీలించి ‘స్ట్రోమెలైసిన్-3’ అనే కొత్త జన్యువును కనుగొన్నారు. నేడు దానిని ఎంఎంపీ-11 అంటున్నారు. ఆ జన్యువు చురుకుగా ఉన్నది క్యాన్సర్ కణాల్లో కాదు. వాటిని చుట్టుముట్టి ఉన్న స్ట్రోమా కణాల్లో. హానిలేని ఫైబ్రోఅడినోమా గడ్డల్లో అది కనిపించలేదు. ఎంఎంపీ కుటుంబంలోని మరికొన్ని సభ్యుల విషయంలోనూ తదుపరి అధ్యయనాలు ఇటువంటి అమరికనే చూపాయి.

ఎంఎంపీ-2 విషయంలో ఒక చిక్కుముడి ఎదురైంది. దాని తయారీకి ఆదేశమిచ్చే ఆర్‌ఎన్‌ఏ ఫైబ్రోబ్లాస్టుల్లో కనిపిస్తుంటే, ఎంజైము మాత్రం క్యాన్సర్ కణాల ఉపరితలంపై కనిపించేది. 1994లో జపాన్‌కు చెందిన మోటోహారు సెయికి బృందం ఆ ముడి విప్పింది. కణపొరలో నాటుకుని ఉండే ఎంటీ1-ఎంఎంపీ అనే ఎంజైమును వారు కనుగొన్నారు. ఫైబ్రోబ్లాస్టులు వదిలిన నిద్రాణ ఎంఎంపీ-2 ఈ ఎంజైము ఉన్న ఉపరితలానికి చేరి, అక్కడ ఒర తొలగి క్రియాశీలమవుతుంది. ఇందులో మరో విచిత్రం ఉంది. ఎంఎంపీ-2ను అక్కడ పట్టి నిలపడానికి తోడ్పడేది టింప్-2 అనే నిరోధక ప్రొటీనే. తక్కువ మోతాదులో అది వంతెనగా పనిచేస్తుంది, ఎక్కువైతే ఎంజైమును అడ్డుకుంటుంది.

పొరుగువాడు తయారు చేసిన ఆయుధాన్ని అరువు తెచ్చుకుని తన గుమ్మంలో పదును పెట్టుకోవడం వంటిది ఈ ఏర్పాటు. ఎంజైము ఎక్కడ తయారైంది, ఎక్కడ చురుకైంది, ఎవరికి ఉపయోగపడింది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలని ఈ పరిశోధనలు నేర్పాయి.

రెండు వైపులా సాగే సంభాషణ

ఎమ్‌ప్రిన్ ఒక్కటే దూత కాదు. కణితి కణాలు టీజీఎఫ్-బీటా, పీడీజీఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో ఫైబ్రోబ్లాస్టుల స్వభావం మారుతుంది. కండర కణాల మాదిరిగా సంకోచించే శక్తి కొన్నింటికి వస్తుంది. అవి ఎక్కువ కొలాజెన్ నేస్తాయి, ఎక్కువ ఎంజైములు కూడా వదులుతాయి. వీటిని క్యాన్సర్ అనుబంధ ఫైబ్రోబ్లాస్టులు అంటారు.

గాయం మానేటప్పుడు ఫైబ్రోబ్లాస్టుల్లో కలిగే మార్పులకూ వీటికీ చాలా పోలికలున్నాయి. కణితులు ‘మానని గాయాలు’ అని అమెరికా వైద్యుడు హెరాల్డ్ డ్వోరాక్ 1986లోనే వర్ణించారు. గాయం మానగానే మరమ్మతు ఆగిపోతుంది. కణితిలో మాత్రం ఆపమన్న సంకేతం రాదు.

ఫైబ్రోబ్లాస్టులు అందుకోవడంతో సరిపెట్టుకోవు, తిరిగి జవాబు కూడా ఇస్తాయి. హెచ్‌జీఎఫ్, సీఎక్స్‌సీఎల్12 వంటి ప్రొటీన్ల ద్వారా క్యాన్సర్ కణాల ఎదుగుదలకు, కదలికకు ఊతమిస్తాయి. ఎంజైములు చేసే కోత కూడా ఒక సందేశమే. కణాల మధ్య అల్లికలో అనేక వృద్ధి కారకాలు చిక్కుకుని నిల్వ ఉంటాయి. అల్లిక తెగితే అవి బయటపడతాయి. కొత్త రక్తనాళాలు మొలిపించే వీఈజీఎఫ్‌ను ఎంఎంపీ-9 ఇలా అందుబాటులోకి తెస్తుందని 2000లో ఎలుకల్లో నిరూపితమైంది. అంటే ఎంజైము గోడను తెంచడమే కాకుండా, గోడలో దాచిన సరుకును కూడా కణితికి అందిస్తున్నది.

చొరబాటులో ఎవరు ముందు నడుస్తారన్న ప్రశ్నకు 2007లో లండన్ నుంచి మరో జవాబు వచ్చింది. ఎరిక్ సహాయి ప్రయోగశాల పరిశోధకులు కణాల కదలికను అల్లిక లోపల చిత్రీకరించారు. చొరబడే గుంపుకు ముందు నడిచింది ఫైబ్రోబ్లాస్టు. అది ఎంజైములతోనూ బలంతోనూ అల్లికలో సొరంగం వేసింది. క్యాన్సర్ కణాలు ఆ సొరంగం వెంట బారులు తీరి నడిచాయి.

ఈ సంభాషణ ‘ఇన్ సిటూ’ దశలోనే మొదలవుతుందనడానికీ ఆధారాలున్నాయి. రొమ్ము పాలనాళాల్లోని తొలిదశ క్యాన్సర్‌ను పోలిన కణాలను ఎలుకల్లోకి ఎక్కించి చేసిన ప్రయోగాల ఫలితాలను 2008లో బోస్టన్‌కు చెందిన కోర్నేలియా పోల్యాక్ బృందం ప్రచురించింది. ఫైబ్రోబ్లాస్టులను జోడించినప్పుడు అవి హద్దు దాటే వేగం పెరిగింది. పాలనాళాల చుట్టూ సహజంగా ఉండే మయోఎపిథీలియల్ కణాలను జోడిస్తే తగ్గింది. కాగితంపై ఒక మాట మరో మాటగా మారడం వెనుక క్యాన్సర్ కణంలోని జన్యువులతో పాటు దాని ఇరుగుపొరుగు కూడా ఉందని ఇది చెబుతున్నది.

ఆశలు రేపిన మందులు ఎందుకు ఓడాయి?

దారిని తెరిచేది ఎంజైములైతే ఎంజైములను ఆపాలి. 1990ల నాటి ఈ తర్కం సరళమైనది. ఎంఎంపీల నడుమనున్న జింక్‌ను పట్టి బంధించే అణువులను ఔషధ సంస్థలు రూపొందించాయి. బాటిమాస్టాట్, ఆ తర్వాత నోటి ద్వారా తీసుకోదగిన మారిమాస్టాట్, ప్రినోమాస్టాట్, టానోమాస్టాట్ వరుసగా వచ్చాయి. ఎలుకల్లో ఫలితాలు ఉత్సాహకరంగా ఉండటంతో వేలాది రోగులపై క్లినికల్ పరీక్షలు జరిగాయి.

ఫలితం నిరాశే మిగిల్చింది. క్లోమగ్రంథి క్యాన్సర్‌లో మారిమాస్టాట్ అప్పటి ప్రామాణిక ఔషధం జెమ్‌సైటబిన్ కంటే మెరుగని తేలలేదు. రోగుల్లో కీళ్లు, కండరాల నొప్పులు, బిగుతు ఎక్కువయ్యాయి. టానోమాస్టాట్ విషయంలో పరిస్థితి మరింత ఇబ్బందికరం. ఊపిరితిత్తులకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో ఆ మందు తీసుకున్నవారి పరిస్థితి తీసుకోనివారి కంటే అధ్వానంగా ఉండటంతో 1999లో పరీక్షలు నిలిపివేశారు. ఈ వైఫల్యాల సమీక్ష 2002లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. నేటికీ క్యాన్సర్ చికిత్స కోసం అనుమతి పొందిన ఎంఎంపీ నిరోధక ఔషధం లేదు. అమెరికాలో 1998లో ఈ తరగతిలో అనుమతి పొందినది తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్. అదీ చిగుళ్ల వ్యాధికి.

వైఫల్యానికి కారణాలు ఇప్పుడు చాలావరకు స్పష్టం. మొదటిది సమయం. ఎలుకలకు మందును వ్యాధి తొలిదశలో ఇచ్చారు. మనుషుల్లో పరీక్షలు ఎక్కువగా ముదిరిన దశలో జరిగాయి. అప్పటికే దారులు తెరుచుకుని, కణాలు వలసపోయి ఉంటాయి. రెండోది గురి. ఆ మందులు దాదాపు మొత్తం కుటుంబాన్ని ఒకేసారి అడ్డుకున్నాయి. అందులో శరీరానికి మేలు చేసేవీ ఉన్నాయి. ఎంఎంపీ-8 లేని మగ ఎలుకల్లో చర్మ కణితులు తగ్గడానికి బదులు పెరిగాయని స్పెయిన్‌కు చెందిన కార్లోస్ లోపెజ్-ఒటిన్ బృందం 2003లో వెల్లడించింది. మూడోది, ఇప్పటివరకూ చెప్పుకున్న కథ సారాంశమే. ఎంజైము అనేది సంభాషణలో చివరి వాక్యం. ఆ ఒక్క వాక్యాన్ని ఆపినంత మాత్రాన సంభాషణ ఆగదు.

కంచెను తీసివేస్తే?

అలాగైతే ఫైబ్రోబ్లాస్టులనే నిర్మూలిస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు 2014లో రెండు అమెరికన్ బృందాలు విడివిడిగా సమాధానమిచ్చాయి. క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఒక బృందం కండర స్వభావం సంతరించుకున్న ఫైబ్రోబ్లాస్టులను తొలగించింది. మరొకటి స్ట్రోమా ఎదుగుదలకు కావలసిన ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అనే సంకేతాన్ని తీసివేసింది. రెండు చోట్లా కణితులు మరింత ఉగ్రంగా మారాయి, ఎలుకలు త్వరగా చనిపోయాయి. అంతకు రెండేళ్ల ముందే ఆ సంకేత మార్గాన్ని అడ్డుకునే ఒక ఔషధంపై మనుషుల్లో జరుగుతున్న పరీక్షను, మందు తీసుకున్న రోగుల పరిస్థితి దిగజారడంతో అర్ధంతరంగా ఆపవలసి వచ్చింది.

కంచె చేను మేస్తున్నదని కంచెనే పీకివేస్తే చేనుకు ఉన్న కొద్దిపాటి రక్షణా పోతుంది. ఫైబ్రోబ్లాస్టులన్నీ ఒకే రకం కాదన్నది ఇక్కడి పాఠం. కొన్ని అల్లికను బిగించి కణితిని కట్టడి చేస్తాయి. మరికొన్ని మంటను పెంచే సంకేతాలు వెదజల్లి దానికి సాయపడతాయి. క్లోమ కణితుల్లో ఈ రెండు రకాలను అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధకులు 2017లో వేరుచేసి వర్ణించారు. పరిసరాలను బట్టి ఒక రకం మరో రకంగా మారగలదని కూడా గమనించారు.

అందుకే ఇప్పటి ఆలోచన నిర్మూలన నుంచి దారి మళ్లింపు వైపు జరిగింది. విటమిన్-డీని పోలిన ఒక పదార్థం ఎలుకల్లో క్లోమ స్ట్రోమా కణాలను శాంత స్థితికి మళ్లించి, కీమోథెరపీ ప్రభావాన్ని పెంచిందని 2014లో మరో బృందం నివేదించింది. సందేశ వాహకాన్నే గురి చేసుకున్న ప్రయత్నాలూ ఉన్నాయి. సీడీ147ను గుర్తించే యాంటీబాడీకి రేడియోధార్మిక అయోడిన్ జోడించిన ‘లికార్టిన్’ అనే మందును కాలేయ క్యాన్సర్ చికిత్స కోసం చైనా 2005లో అనుమతించింది.

వక్క నమిలే దేశానికి మరో పాఠం

ఫైబ్రోబ్లాస్టుల తూకం తప్పితే ఏమవుతుందో తెలియజేసే వ్యాధి భారత్‌లో విస్తృతంగా ఉంది. వైద్యులు దానిని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. బుగ్గల లోపలి పొర పాలిపోయి, పీచుకట్టి, గట్టిపడుతుంది. కారం తగిలితే నోరు మండుతుంది. క్రమంగా నోరు తెరవడమే కష్టమవుతుంది. 1952లో కెన్యాలోని భారతీయ మహిళల్లో ఈ లక్షణాలను గుర్తించారు. మరుసటి ఏడాది ముంబయికి చెందిన వైద్యుడు ఎస్.జి. జోషి ఆ పేరుతో దీనిని వర్ణించారు.

దీనికి ప్రధాన కారణం వక్క. అందులోని అరెకోలిన్ అనే పదార్థం ఫైబ్రోబ్లాస్టులను కొలాజెన్ తయారీకి పురిగొల్పుతుంది. వక్కలోని రాగి, కొలాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బిగించే ఎంజైముకు బలమిస్తుంది. మరోవైపు కొలాజెన్‌ను తెంచే ఎంజైముల పని తగ్గి, టింప్-1 వంటి నిరోధకాలు పెరుగుతాయని అధ్యయనాలు సూచిస్తున్నాయి. కణితిలో ఎంజైములు మితిమీరితే, ఇక్కడ అవి చాలక అల్లిక పేరుకుపోతున్నది. పనివారు అవే కణాలు, తప్పిన తూకం మాత్రం రెండో వైపు.

అయితే ఈ వ్యాధి అక్కడితో ఆగదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగులను 17 ఏళ్లు గమనించిన అధ్యయనం 1985లో వెలువడింది. వారిలో 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. పొగాకు కలపని వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. పొగాకు లేదు కాబట్టి పాన్ మసాలా సురక్షితమన్న నమ్మకానికి ఆధారం లేదు. భారతీయ పురుషుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందు వరుసలో ఉంది. బుగ్గ లోపల బిగుతు, మంట, తెల్లని చారలు కనిపించినవారు వక్క మానివేసి వైద్యుణ్ణి సంప్రదించడం మేలు.

పొరుగు కణమే జాడ చెబుతుంది

కణితికి తోడ్పడే పొరుగు కణాలే దాని ఆచూకీ కూడా చెప్పగలవని ఇటీవలి పరిశోధన నిరూపిస్తున్నది. క్యాన్సర్ అనుబంధ ఫైబ్రోబ్లాస్టుల ఉపరితలంపై ఎఫ్ఏపీ అనే మరో ఎంజైము ఉంటుంది. అదీ ప్రొటీన్లను ఛేదించేదే, కాని ఎంఎంపీల కుటుంబానికి చెందదు. ఆరోగ్యవంతమైన పెద్దల కణజాలాల్లో ఇది చాలా తక్కువ. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఎఫ్ఏపీకి అతుక్కునే అణువుకు స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని జోడించి, పెట్ స్కాన్‌లో కణితులను వెలిగేలా చేశారు. న్యూఢిల్లీలోని ఎయిమ్స్ అణువైద్య నిపుణులు కూడా ఈ తరహా పదార్థాలపై, వాటిని చికిత్సకు వాడే అవకాశంపై అధ్యయనాలు ప్రచురించారు. స్కాన్‌లో వెలుగుతున్నది క్యాన్సర్ కణం కానవసరం లేదు. దాని పిలుపు విని మారిపోయిన పొరుగు కణమే ఎక్కువగా వెలుగుతుంది.

ఈ వెలుగుకూ పరిమితులున్నాయి. మానుతున్న గాయాల్లో, కీళ్లవాపులో, పీచుకట్టిన అవయవాల్లో కూడా ఎఫ్ఏపీ పెరుగుతుంది. కాబట్టి వెలిగిన ప్రతిదీ కణితి కాదు. తుది నిర్ణయం నేటికీ బయాప్సీదే. ఎంజైములను అణచివేసి క్యాన్సర్‌ను నయం చేస్తామంటూ అమ్మే పొడులను, మాత్రలను నమ్మి, నిరూపితమైన చికిత్సను ఆలస్యం చేయడం ప్రమాదకరం. వేలాది రోగులపై జాగ్రత్తగా పరీక్షించిన మందులే ఆ పని చేయలేకపోయాయన్నది చరిత్ర.

1982లో ఒకే పాత్రలో రెండు రకాల కణాలను కలిపి పెంచిన ప్రయోగం నుంచి నేటి స్కాన్ వరకు పరిశోధన చెబుతున్నది ఒకటే. క్యాన్సర్ కణం ఒంటరిగా హద్దు దాటడం అరుదు. ఎంజైము తయారయ్యేది ఒకచోట, పదునెక్కేది మరోచోట, ఆజ్ఞ వచ్చేది ఇంకోచోట. ఈ మూడింటినీ కలిపి అర్థం చేసుకున్నప్పుడే, బయాప్సీ కాగితంలోని మొదటి మాట రెండో మాటగా మారకుండా ఆపే చికిత్సకు దారి దొరుకుతుంది.